పసిపిల్లల తుంటి ఎక్స్‌రే చూసే ముందు

చి. డాక్టరమ్మకు ఆశీస్సులు.

పిల్లల ఆర్థోలో చేరావని, తుంటి ఎక్స్‌రే చేతికొస్తే టెన్షన్‌గా ఉంటోందని రాశావు. స్కేలు తీసే ముందు బిడ్డ వయసు చూడమ్మా. రెండు నెలలకు మామూలుగా ఉన్న తుంటి రెండేళ్లకూ అలాగే ఉంటే జబ్బు కింద లెక్క.

పుట్టినప్పుడు కీలు గిన్నెలో, అంటే తొడ ఎముక తల (బంతి) కూర్చునే గుంటలో, ఎక్కువ భాగం మృదులాస్థే, ఎక్స్‌రేకి అందదు. కడుపులో మొదట లోతుగా ఉండే గిన్నె కాన్పు నాటికి బాగా లోతు తగ్గిపోతుంది. తొడ ఎముక తలలో ఎముక చుక్క కనపడడానికి సాధారణంగా 4 నుంచి 6 నెలలు పడుతుంది. అంతకంటే చిన్నబిడ్డకు అల్ట్రాసౌండే రాయి.

కటి ఎముకలు మూడూ, అంటే ఇలియం, ఇస్కియం, ప్యూబిస్, గిన్నె అడుగున కలిసే చోట వై ఆకారపు మృదులాస్థి ఉంటుంది. ఫిల్మ్‌లో అది నల్లటి సందులా కనిపిస్తుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి విరిగిందని కంగారు పడుతుంటారు. రెండు వైపుల సందులనూ కలుపుతూ అడ్డగీత గియ్యి. అక్కడి నుంచి గిన్నె పైకప్పు బయటి అంచుకు ఇంకో గీత. ఆ కోణం పుట్టినప్పుడు 30 డిగ్రీల దరిదాపుల్లో ఉండి, రెండేళ్లకు 20కి దగ్గరవుతుంది. అయితే కటి కింది భాగంలోని రెండు రంధ్రాలూ సమానంగా కనపడకపోతే బిడ్డ పక్కకి తిరిగినట్టే. ఆ ఫిల్మ్‌ని కొలవకు, మళ్లీ తీయించు.

గిన్నె తనంతట తాను లోతెక్కదు. బంతి లోపల కుదురుగా కూర్చుంటేనే దాని చుట్టూ గుండ్రంగా పెరుగుతుంది. బంతి జారిపోతే గిన్నె చదునుగా మిగిలి కొవ్వుతో నిండిపోతుంది. పావ్లిక్ పట్టీలతో మోకాళ్లు మడిచి, కాళ్లు ఎడంగా ఉంచేది అందుకే. కానీ తొందరపడి కాళ్లను మరీ వెడల్పుగా లాగితే బంతికి రక్తం అందక దెబ్బతింటుంది. ఆ దెబ్బ అసలు జబ్బు కంటే మొండిది. బిడ్డ కాళ్లు చాపి బిగించి చుట్టొద్దని తల్లిదండ్రులకు నువ్వే చెప్పు, ఇంకెవరో చెప్తారని ఊరుకోకు.

యుక్తవయసులో గిన్నె అంచున చిన్న ఎముక ముక్కలు పుట్టి అంచుకు కాస్త లోతు చేరుస్తాయి. అవీ విరుగుళ్లు కావు. ఆడపిల్లల్లో ముందు, మగపిల్లల్లో ఒకటి రెండేళ్లు ఆలస్యంగా ఆ వై మూసుకుపోతుంది. అప్పటి నుంచి బంతి మధ్యబిందువు నుంచి గిన్నె అంచుకు కొలిచే కోణం చూడాలి. పెద్దవాళ్లలో అది 25 డిగ్రీలు దాటితే నిశ్చింత, 20 లోపైతే గిన్నె చాలనట్టు.

ఏ వయసులోనైనా ఒక్క ఫిల్మ్‌తో తీర్పు చెప్పకు, పాతది పక్కన పెట్టి చూడు. తేడా మూడు నాలుగు డిగ్రీలే అయితే అది నీ స్కేలు తేడా కూడా కావచ్చు.