తిరుపతిలో బాడుగ ఇల్లు ఏ వైపు చూసుకోవాలి?

స్విమ్స్ ఆసుపత్రిలో కొత్త ఉద్యోగం, బడికెళ్ళే పాప, ఏ ఏరియాలో ఇల్లు తీసుకోవాలని అడిగారు. ముందు రైలు పట్టాలకు ఏ పక్క ఉండాలో తేల్చుకోండి. ఊరిని అవే రెండుగా చీలుస్తాయి. స్విమ్స్, రుయా ఆసుపత్రి, అలిపిరి కొండ వైపున్నాయి. ఎం.ఆర్.పల్లి, బైరాగిపట్టెడ అవతలి పక్క. అక్కడ ఇల్లు బాగున్నా, రోజూ పట్టాలు దాటి రావాలి. గట్టి వాన పడితే వెస్ట్ చర్చి దగ్గరి అండర్ బ్రిడ్జిలో నీళ్ళు నిలుస్తాయి. నైట్ డ్యూటీలుంటే బాలాజీ కాలనీ, కె.టి.రోడ్డు వైపే చూడండి. బాడుగ కాస్త ఎక్కువైనా నేనైతే అదే చెప్తాను. ఏర్పేడు ఐఐటీకి పోయేవాళ్ళ లెక్క వేరు, వాళ్ళకు రేణిగుంట రోడ్డు నయం.

తర్వాత నీళ్ళ సంగతి. 2021 నవంబరులో కొండ మీంచి దిగిన వరద వీధుల్లోకి వచ్చేసింది. అప్పుడు ఈ వీధిలో ఎంత ఎత్తు నీళ్ళు నిలిచాయో ఎదురింటివాళ్ళనే అడగండి, ఓనర్‌ను కాదు. గేటు పక్క గోడ మీద పాత బురద చార ఉందా, సంపు మూత నేలకు సమంగా ఉందా, మోటారును దిమ్మె కట్టి పైకెత్తారా చూడండి. కొళాయి నీళ్ళు ఎన్ని రోజులకొకసారి వస్తాయో, ఎండాకాలం బోరు పనిచేస్తుందో కూడా అప్పుడే కనుక్కోండి.

అడ్వాన్సు ఇచ్చే ముందు సాయంత్రం ఆరు తర్వాత ఒకసారి ఆ వీధికి వెళ్ళి, పాపతో కలిసి బస్టాపు దాకా నడిచి చూడండి.