కార్డీలియా చేత అంత మాట్లాడించకు

అమ్మాయీ,

షేక్స్పియర్ 'కింగ్ లియర్' ఆధారంగా రాసిన నీ నాటిక అందింది. భాష బాగుంది. కానీ లియర్ రాజు నిద్ర లేచే రంగంలో ఆయన చిన్న కూతురు కార్డీలియా చేత రెండు పేజీలు మాట్లాడించావు చూడు, అక్కడ నాకు ఒళ్ళు మండింది. "నన్ను వెళ్ళగొట్టినా, కట్నం లేకుండా పంపేసినా, కన్నతండ్రివని క్షమిస్తున్నాను" అంటుంది నీ కార్డీలియా. అది క్షమించడం కాదు, బాకీల చిట్టా చదవడం.

షేక్స్పియర్ నాలుగో అంకం, ఏడో రంగం మళ్ళీ చదువు. తుపానులో మతి చెడి తిరిగిన ముసలాయన కళ్ళు తెరుస్తాడు. సమాధిలోంచి నన్నెందుకు లాగారంటాడు. ఈ చేతులు తనవేనా అని గుండుసూదితో గుచ్చుకుని చూసుకుంటాడు. కూతురు ఆశీర్వదించమంటే తానే మోకాళ్ళ మీదికి దిగబోతాడు. ఆమె కన్నీళ్ళు నిజంగా తడిగా ఉన్నాయా అని అడుగుతాడు. విషమిస్తే తాగుతానంటాడు. నీ అక్కలకు నన్ను బాధపెట్టే కారణం లేదు, నీకుంది, అంటాడు. ఆమె "ఏ కారణమూ లేదు, ఏ కారణమూ లేదు" అంటుంది. అంతే.

కారణం ఉందని అతనికి తెలుసు, ఆమెకు తెలుసు, చూసేవాళ్ళందరికీ తెలుసు. మొదటి రంగంలో రాజ్యంలో వాటా పోతుందని తెలిసినా అక్కల్లా తండ్రిని పొగడటానికి ఒక్క మాట కలిపి చెప్పని పిల్ల, ఇప్పుడు తండ్రి కోసం అబద్ధమాడింది! అడిగేవాడు ఎంతైనా మాట్లాడనీ, క్షమించే మనిషి నోట మాత్రం మాట పొదుపుగా రావాలి. ఈ విషయంలో నేనెవరి మాటా వినను.

నా కథొకటి ఉంది. ఇల్లు వదిలి వెళ్ళిన కూతురు తిరిగొచ్చి గేటు దగ్గర నిలబడుతుంది. తండ్రి "గడియ బిగుసుకుంది, కాస్త పైకెత్తి లాగమ్మా" అంటాడు. కూతురు భోరుమనాలి, తండ్రి అంతా మరిచిపోయానని చెప్పాలి, అప్పుడే వేసుకుంటామన్నాడొక సంపాదకుడు. ఇంటి అద్దె కట్టడానికి ఆ పారితోషికం నాకెంతో అవసరం. అయినా మార్చలేదు. కథ ఏళ్ళ తరబడి ట్రంకు పెట్టెలో పడి ఉంది. పాఠకుడికి విడమరిచి చెబితే తప్ప అర్థం కాదనుకునే ఆ సంపాదకుల మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

అసలు నాటకంలో చనిపోయే కార్డీలియాను నువ్వు చివర్లో బతికించావు. 1681లో నేహమ్ టేట్ అనే నాటకకర్త కూడా ఆ నాటకాన్ని తిరగరాసి ఆమెను బతికించి, అందులోని ఎడ్గార్ అనే పాత్రతో జత కలిపాడు. ఇంగ్లండులో దాదాపు 150 ఏళ్ళు ఆ ముగింపే ఆడింది. 1838లో మాక్రెడీ అనే నటుడు షేక్స్పియర్ నాటకాన్నే, అసలు ముగింపుతో సహా, మళ్ళీ రంగస్థలం ఎక్కించాడు. మంచితనానికి బహుమతి ఇవ్వాలన్న ఆ తొందర నీకు వద్దు.

పద్యాలు పెట్టాలా, పోటీకి పంపాలా అని నువ్వడిగినవి తరవాత. ఐదో అంకంలో ఇద్దరూ బందీలవుతారు. పంజరంలో పిట్టల్లా పాడుకుందాం, నువ్వు ఆశీర్వాదం అడిగినప్పుడల్లా నేను మోకరిల్లి క్షమాపణ అడుగుతాను, అంటాడు తండ్రి. అక్కల్ని చూడమా అని అంతకుముందు అడిగిందే ఆమె ఆఖరి మాట. తండ్రి అంత చెప్పినా ఇక నోరు విప్పదు. ఆ రంగాన్ని నువ్వసలు ముట్టుకోలేదు. ముందు అది రాసి పంపు.

ఆశీస్సులతో