చిన్న జీతంతో ఖర్చులు తగ్గించుకుంటూ లక్షల్లో ఉన్న అప్పు తీర్చడం అయ్యే పనేనా? తీర్చినవాళ్ళు ఎలా తీర్చారు?

అవుతుందండి, మేము తీర్చాం. కానీ ఖర్చు తగ్గిస్తే అప్పు తీరిపోతుందనే మాట సగమే నిజం. మా బంధువుల్లోనే చాలామందిని చూశా, టీ మానేస్తారు, సినిమా మానేస్తారు, పండక్కి బట్టలు మానేస్తారు, రెండేళ్ళ తర్వాత చూస్తే అప్పు అక్కడే ఉంటుంది. మిగిల్చిన డబ్బు వడ్డీలోకో ఇంకో ఖర్చులోకో పోతుంది గానీ అసలులోకి వెళ్ళదు. మీరు 35 వేల జీతం, కార్డు బాకీ లక్ష, ఊళ్ళో మూడు రూపాయల వడ్డీకి లక్షన్నర, ఇంకో లక్షన్నర బ్యాంక్ లోను అని రాశారు కాబట్టి మా లెక్క కూడా అంకెలతోనే చెప్తా, మీకు పోల్చుకోడానికి వీలుగా ఉంటుంది.

మేము విజయవాడలో ఉంటాం. నాది ప్రైవేట్ కంపెనీలో అకౌంట్స్ పని, మా ఆవిడ స్కూల్ టీచర్, ఇద్దరివీ కలిపి చేతికొచ్చేది 50 వేలు. నాన్న గుండె ఆపరేషన్, చెల్లి పెళ్ళి రెండూ ఒకే ఏడాదిలో పడ్డాయి. అన్నీ అయ్యాక లెక్క చూస్తే బ్యాంక్ పర్సనల్ లోను 2 లక్షల 80 వేలు, క్రెడిట్ కార్డు 85 వేలు, ఊళ్ళో ప్రోనోటు మీద రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు, మా బావమరిది దగ్గర చేబదులు 50 వేలు. అంటే ఏడు లక్షల పైమాటే.

ముందు మేము చేసింది ఖర్చు తగ్గించడం కాదు, ఏ అప్పు నెలకి ఎంత తింటుందో కాగితం మీద రాయడం. రెండు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నగానే ఉంటుంది, ఏడాదికి 24 శాతం అది. 3 లక్షలకి నెలకి 6 వేలు, ఇచ్చి వస్తూనే ఉంటాం, అసలు మాత్రం కదలదు. కార్డు ఇంకా దారుణం, నెలకి మూడున్నర శాతం, ఆ వడ్డీ మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ, 85 వేలకి నెలకి సుమారు 3,500. మినిమమ్ డ్యూ 4,250 కడుతున్నాం కదా అనుకుంటాం, అందులో బాకీ తగ్గేది ఏడెనిమిది వందలే. ఇంకోటి చాలామందికి తెలీదు, కార్డులో పాత బాకీ ఉండగా కొత్తగా ఏది కొన్నా దానికి నలభై యాభై రోజుల గడువేమీ ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది, పాల ప్యాకెట్ కొన్నా సరే. అందుకే అది కట్టేదాకా కార్డుని బీరువాలో పెట్టేశాం, ఫోన్లో ఆన్‌లైన్ షాపింగ్ యాప్‌లలో సేవ్ అయి ఉన్న నంబర్లు కూడా తీసేశాం.

తర్వాత మా ఆవిడ బంగారం బ్యాంకులో పెట్టాం. ఇది చెప్తే చాలామంది మొహం మాడ్చుకుంటారు, బంగారం బ్యాంకులో పెట్టారంటే పరువు పోయిందన్నట్టు చూస్తారు, ఊళ్ళో నెలనెలా రెండు రూపాయల వడ్డీ కడితే మాత్రం పోనట్టు. ఏడు సవర్ల దాకా పెడితే లక్షా 85 వేలు వచ్చింది, వడ్డీ ఏడాదికి తొమ్మిది శాతం దగ్గర, అంటే మనవాళ్ళ లెక్కలో ముప్పావలా వడ్డీ. ఆ డబ్బుతో కార్డు మొత్తం క్లియర్, మిగిలిన లక్ష ప్రోనోటు అసలులోకి. ముందు ఈ రెండిటికీ కలిపి నెలకి 9,500 వడ్డీ పోయేది, మార్చాక మిగిలిన రెండు లక్షల నోటుకి 4 వేలు, బంగారం లోనుకి 1,400 లోపు, అంతే. నాలుగు వేలు మిగిలాయి, అదీ ఇంట్లో ఒక్క ఇడ్లీ కూడా తగ్గించకుండా. ఈ నాలుగు వేలు కూరగాయల్లో మిగల్చాలంటే కూరగాయలు తినడమే మానేయాలి.

ఇప్పుడు అసలు కిటుకు దగ్గరికి వస్తా. ఊళ్ళో అప్పిచ్చినాయన అసలు చిల్లరగా తీసుకోడు, ఐదు వేలు పది వేలు తీసుకెళితే "ఉంచుకో బాబూ, లక్ష అయ్యాక చూద్దాం" అంటాడు, ఆయనకి కావల్సింది వడ్డీ మరి. ఆ లక్ష పోగయ్యేదాకా డబ్బు మన అకౌంట్లో ఉంటుందా అంటే ఉండదు, ఎవరికో జ్వరమో ఫ్రిజ్ రిపేరో బంధువుల పెళ్ళో వస్తుంది, అడిగినవాళ్ళకి లేదనలేం కూడా. బంగారం లోనులో అలా కాదు, మా బ్యాంకులో ఎప్పుడంటే అప్పుడు రెండు వేలైనా కట్టనిచ్చారు, కట్టిన మొత్తం మీద ఆ రోజు నుంచే వడ్డీ తగ్గేది. కాబట్టి మిగిలిన ప్రతి రూపాయీ అందులో వేసేవాళ్ళం, అది మాకు హుండీ లాంటిది, వేయడం తేలిక, తీయడం కష్టం. లక్ష దాకా కట్టేశాక ఆ లోను మూసేసి, అవే నగలు మళ్ళీ పెట్టి లక్ష ఎక్కువ తీసి ఊళ్ళో నోటు మీద కట్టేశాం. మళ్ళీ మొదలు. నగలకి విలువ కట్టే అప్రైజర్ ఛార్జీ ఏదో కొంచెం తీసుకుంటారు, 24 శాతంతో పోలిస్తే అది లెక్కలోది కాదు. లోను తీసుకునేటప్పుడే మధ్యలో కట్టుకోవచ్చా, ఏడాదికి అసలు కూడా మొత్తం కట్టాకే రెన్యువల్ చేస్తారా అనేది అడిగి రాసుకోండి, ఆ గడువు దాటితే నోటీసులు, వేలం దాకా పోతుంది.

నోటు మీద అసలు కట్టిన ప్రతిసారీ నోటు వెనక తేదీ వేసి చెల్లు రాయించండి. నమ్మకం లేక కాదు, పెద్దాయన తర్వాత వాళ్ళబ్బాయి లెక్క చూస్తాడు, అతనికి మన నోటి మాట ఏం తెలుస్తుంది. మొత్తం తీరాక నోటు చేతికి తీసుకోకుండా ఇంటికి రావద్దు.

ఇక రోజువారీ ఖర్చుల సంగతి. మాకు నెలకి ఎనిమిది వేల దాకా మిగిలింది, అది ఎక్కడెక్కడ అన్నది చెప్తా, అన్నీ ఒకే బరువువి కావు.

అన్నిటికంటే ఎక్కువ మిగిలింది బయటి తిండిలో. పొద్దున్నే నాకు టిఫిన్ బండి, మధ్యాహ్నం మీల్స్, సాయంత్రం ఇద్దరం అలిసిపోయి వస్తే కర్రీ పాయింట్, ఆదివారం బిర్యానీ ఆర్డర్, ఇవన్నీ కలిపితే ఇంటద్దెతో సమానంగా వచ్చింది, మేమిద్దరం నమ్మలేదు. ఆదివారం ఒక పూట కూర్చుని ఇడ్లీ పిండి, అల్లంవెల్లుల్లి, ఓ రెండు రోటి పచ్చళ్ళు, పప్పుచారు పొడి చేసి పెట్టుకుంటే వారం గడిచిపోతుంది. ఈ పని ఆవిడ ఒక్కదాని మీద పడేస్తే మాత్రం పదిహేను రోజుల్లో మళ్ళీ కర్రీ పాయింట్‌కే వస్తారు, రాసిపెట్టుకోండి. కూరలు తరగడం, బాక్సులు కట్టడం నా పని.

బియ్యం, పప్పులు, కారం విషయంలో మన అమ్మమ్మలు చేసిన పద్ధతే కరెక్ట్. ఎండాకాలంలో మిరపకాయలు, చింతపండు, కందిపప్పు ఏడాదికి సరిపడా కొనేయడం, కారం ఆడించుకోవడం. ప్యాకెట్ కారానికీ దీనికీ రేటులో తేడా, రుచిలో ఇంకా తేడా. బియ్యం బస్తా లెక్కన కొంటే మేలు, ఈమధ్య షాపుల్లో 26 కేజీల బస్తాలు ఎందుకు వచ్చాయో తెలుసు కదా, 2022 జులై నుంచి 25 కేజీల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పెట్టారు, ఆ ఒక్క కేజీ అందుకు. కూరగాయలు పటమట రైతుబజార్‌లో, అక్కడ బోర్డు మీద రేట్లు రాసి ఉంటాయి కాబట్టి బేరాల గోల తక్కువ. వారానికి ఒకసారి వెళ్తే చాలు, దానికోసం రోజూ పెట్రోల్ తగలేస్తే మిగిలేది ఏమీ ఉండదు.

కరెంటు బిల్లు గురించి ఒక్క ముక్క. మన ఏపీలో స్లాబులు మెట్ల లెక్కన ఉంటాయి, మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 225 దాటిందంటే ఆపై యూనిట్ 8.75. అంటే నెలాఖరులో వాడే ఏసీ గంటలే అన్నిటికంటే ఖరీదు. మొత్తం మానేయక్కర్లేదు, మీటర్ వారానికోసారి చూసి 225 లోపు ఉండేలా సర్దుకున్నాం, ఎండాకాలం రెండు నెలలు మాత్రం కుదరలేదు, విజయవాడ ఎండ సంగతి తెలిసిందే.

అమ్మ బీపీ, షుగర్ మందులు జన ఔషధి షాపుకి మార్చాం, డాక్టర్ని అడిగే మార్చాం, బిల్లు సగం కంటే తక్కువకి దిగింది. మందులు, పిల్లాడి పాలు గుడ్లు, ఇన్సూరెన్స్, ఈ మూడిట్లో మాత్రం చెయ్యి పెట్టొద్దు. మళ్ళీ ఒక్క హాస్పిటల్ బిల్లు వచ్చిందంటే మూడేళ్ళ పొదుపు పోతుంది. అలాగే ఓ పదిహేను వేలు పక్కన ఉంచుకోండి, లేకపోతే గ్యాస్ అయిపోయినా కార్డు గీకాల్సి వస్తుంది. బస్సుల విషయంలో ఇప్పుడు కొంచెం నయం, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్‌లలో ఫ్రీ కదా, మా అప్పు తీరే టైముకి వచ్చింది అది, ముందే వచ్చుంటే బాగుండేది అనుకున్నాం.

కానీ వీటన్నిటికంటే కష్టమైంది ఫంక్షన్లు. పొదుపు గురించి రాసేవాళ్ళెవరూ దీని జోలికి రారు ఎందుకో. మన ఇళ్ళల్లో శ్రావణం, మాఘం వచ్చిందంటే పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, ఓణీలు, బారసాలలు, ప్రతిదానికీ చదివింపులు, బట్టలు పెట్టడం, రానుపోను ఖర్చు, పిల్లాడికి కొత్త డ్రెస్. మా ఆవిడ ఒక పని చేసింది, చెల్లి పెళ్ళి నాటి చదివింపుల పుస్తకం బయటికి తీసింది. అందులో ఎవరు ఎంత రాయించారో వాళ్ళకి అంతే, పైసా ఎక్కువ లేదు తక్కువ లేదు, అది వాళ్ళ బాకీ కిందే లెక్క. పుస్తకంలో లేనివాళ్ళకి 516, అదీ ఇద్దరిలో ఒకళ్ళమే వెళ్ళి రావడం. చీరలు పెట్టడం పూర్తిగా ఆపేశాం. ఒకళ్ళిద్దరు మూతి తిప్పారు, ఓ పిన్ని గారైతే మొహం మీదే అనేసింది, మా ఆవిడ "అప్పుల్లో ఉన్నాం పిన్నీ, తీరాక పట్టుచీరే పెడతా" అని నవ్వుతూ చెప్పేసింది. అలా బయటికి చెప్పేయడం వల్ల ఇంకో లాభం, చేబదులు అడిగేవాళ్ళు తగ్గారు.

పర్సనల్ లోను జోలికి మేము వెళ్ళలేదు, ఈఎమ్ఐ తొమ్మిదిన్నర వేలు దాని పాటికి అది పోయేది, ముందే కట్టేద్దామంటే ఫోర్‌క్లోజర్ ఛార్జీ ఉంది, పైగా వడ్డీ 14 శాతమే, 24 శాతం నోటు ఉండగా దాన్ని తొందరపెట్టడం దండగ. బావమరిది 50 వేలకి వడ్డీ లేదు, లెక్క ప్రకారం అయితే ఆఖరున ఇవ్వాలి, కానీ ఊళ్ళో నోటు తీరగానే ముందు ఆయనకే ఇచ్చేశాం, అడగలేదు పాపం, ఆ అడక్కపోవడమే ఇబ్బందిగా ఉండేది. అన్నీ తీరేసరికి మూడేళ్ళకి కాస్త అటూ ఇటూ పట్టింది.

మీ విషయానికొస్తే, మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం, కార్డు దానికంటే ఎక్కువ, రెండూ ముందు మార్చుకోవాల్సినవే. ఇంట్లో బంగారం ఉంటే పైన చెప్పినట్టు చేయండి. లేకపోతే మీ ఆవిడ గానీ అమ్మ గానీ డ్వాక్రా గ్రూపులో ఉంటే అందులో లోను వస్తుందేమో చూడండి, రూపాయి వడ్డీ కంటే తక్కువకే పడుతుంది. కార్డు బాకీని ఈఎమ్ఐ కింద మార్చమని కార్డు వాళ్ళని అడగండి, మామూలుగా వేసే వడ్డీ కంటే తక్కువకి మారుస్తారు, "సెటిల్‌మెంట్ చేసుకోండి, సగం కడితే చాలు" అని ఫోన్లు వస్తే మాత్రం తొందరపడొద్దు, సిబిల్‌లో, అంటే బ్యాంకులు చూసే మన అప్పుల రికార్డులో, క్లోజ్డ్ అని కాకుండా సెటిల్డ్ అని పడుతుంది, తర్వాత లోన్లకి అదో తలనొప్పి. లోన్ యాప్‌లలో తీసి ఇవి కట్టాలనే ఆలోచన ఉంటే ఇప్పుడే తుడిచేయండి.

ఊళ్ళో ఆయన దగ్గరికి ఈ ఆదివారమే వెళ్ళండి, ఇప్పటిదాకా కట్టిన వడ్డీ మొత్తం కాగితం మీద వేసుకుని వెళ్ళండి, వడ్డీ రెండు రూపాయలకి దింపితే అసలు మూడు నెలలకోసారి ఇంత చొప్పున ఇస్తానని అడగండి. ఒట్టి చేతుల్తో వెళ్ళకుండా ఓ పదివేలు అసలు కింద పట్టుకెళ్ళి, ఆ మాట ముందు చెప్పి, వడ్డీ సంగతి తర్వాత ఎత్తండి, అప్పుడు వింటారు.