రెండు 'రోడ్ నంబర్ 10'లు ఉన్నాయండీ!

శ్రావణి గారూ, హైదరాబాద్‌లో అద్దె ఇంటికి బ్రోకర్ 'హిల్స్, రోడ్ నంబర్ 10' అన్నారు, మీరు వెళ్లిన చోట ఆ ఇల్లే లేదన్నారు కదా. మీరు బంజారాహిల్స్ 10కి వెళ్లినట్టున్నారు. జూబ్లీహిల్స్‌లోనూ రోడ్ నంబర్ 10 ఉంది. పిన్ కోడ్ అడగండి: 500034 అయితే బంజారాహిల్స్, 500033 అయితే జూబ్లీహిల్స్. రోడ్ల నంబర్లు వరసలో ఉంటాయని మాత్రం ఆశపడకండి.

ఈ తికమకకు కారణం, రెండూ వేర్వేరు కాలాల్లో పుట్టిన కాలనీలు. బంజారాలు ఉండే రాళ్లగుట్టల మీద 1930ల్లో నిజాం ప్రభుత్వ అధికారి మెహదీ నవాజ్ జంగ్ ఇల్లు కట్టుకున్నాక బంజారాహిల్స్‌కు నగరవాసులు రావడం మొదలైంది. ఆయన బండల్ని పగలగొట్టకుండా ఇంట్లోనే కలిపేసుకున్నారు. (ఇప్పటి బిల్డర్లకు ఆ ఓపిక ఎక్కడిది!) తర్వాత ఆయన గుజరాత్‌కు మొదటి గవర్నరయ్యారు. జూబ్లీహిల్స్ 1960ల్లో హౌసింగ్ సొసైటీతో మొదలైంది, దాని నంబర్లు దానివే.

అమ్మగారికి మోకాళ్ల నొప్పులన్నారు కాబట్టి అడ్రస్ కంటే ఎత్తుపల్లాలే ముఖ్యం. మెయిన్ రోడ్డు మీద తెలియదు కానీ, పక్క సందుల్లో ఏటవాలు బాగా ఎక్కువ. మందుల షాపు నుంచి ఇంటి దాకా ఆమెతోనే ఒకసారి నడిచి చూడండి. అడుగున గ్రానైట్ కాబట్టి బోరును నమ్ముకోవద్దు, ఎండాకాలంలో ట్యాంకర్ డబ్బులు ఎవరివో అడ్వాన్స్ ఇచ్చే ముందే తేల్చుకోండి.