పార్కిన్సన్స్ ఉన్న మా అత్తగారు గడప దగ్గరే ఎందుకు ఆగిపోతున్నారు? కాళ్లలో బలం లేకనా?

బలం లేక కాదండీ. ముందు ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ చెప్పండి.

మీది కర్నూలు అన్నారు. మీ అత్తగారు వరండాలో బాగానే నడుస్తారని, వంటింటి గడప దగ్గరికి రాగానే పాదాలు నేలకు అంటుకుపోయినట్టు ఆగిపోతారని, మీ ఆయన "ధైర్యంగా అడుగెయ్ అమ్మా" అంటూ చెయ్యి పట్టి లాగుతారని రాశారు. చుట్టాలేమో నూనె మర్దన చేయించండి, టానిక్కు తాగించండి అంటున్నారట. మా నాయనకు కూడా ఇదే జబ్బు. మాది ప్రొద్దుటూరు. ఆయన్ను ఏళ్ల తరబడి చూసుకుంటూ, డాక్టర్లనీ ఫిజియోథెరపిస్టునీ అడిగి తెలుసుకున్నవి, ఇంట్లో పనికొచ్చినవి రాస్తున్నాను.

మనం నడిచేటప్పుడు ఏ కాలు ఎప్పుడు ఎత్తాలో ఆలోచించం. మాట్లాడుకుంటూ, కూరగాయల సంచి పట్టుకుని నడిచిపోతాం. ఆ పని మనకు తెలియకుండానే జరిపించేది మెదడు లోతుల్లో ఉండే బేసల్ గాంగ్లియా అనే భాగం. దానికి డోపమైన్ అనే రసాయనం కావాలి. డోపమైన్ తయారుచేసే నల్లటి కణాలు ఈ జబ్బులో మెల్లగా చనిపోతాయి. వణుకు, నెమ్మదితనం పైకి కనిపించే నాటికే వాటిలో సగమో అంతకన్నా ఎక్కువో పోయి ఉంటాయి. డోపమైన్ తగ్గినప్పుడు అక్కడి కణాలు సెకనుకు 13 నుంచి 30 సార్ల లయలో అన్నీ ఒకేసారి స్పందించడం ఎక్కువవుతుంది. బీటా తరంగాలంటే ఇవే. కదలిక మొదలవ్వాలంటే ఆ లయ తగ్గాలి, ఈ జబ్బులో అది సరిగా తగ్గదు. మెదడులో డోపమైన్‌గా మారే మందు లెవోడోపా, ఆ మాత్ర పనిచేస్తున్నప్పుడు తగ్గుతుంది.

దానంతట అది జరగాల్సిన నడకను ఇక మెదడు ముందుభాగం శ్రద్ధపెట్టి నడిపించాల్సి వస్తుంది. నుదుటికి వెలుతురు సెన్సార్లు కట్టి నడిపించి చూసిన పరిశోధనల్లో, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు మామూలు నడకలోనే ఆ భాగం ఎక్కువ పనిచేస్తున్నట్టు కనిపించింది. అందుకే నడుస్తున్నప్పుడు ఎవరైనా పలకరిస్తే వాళ్లు నిలబడిపోతారు. అది మొండితనం కాదు, భయం కూడా కాదు.

ఇక కండరాల సంగతి. మోకాలి కింద ముందువైపు, ఎముక పక్కనుండే కండ పాదం ముందుభాగాన్ని పైకెత్తుతుంది, అందువల్లే మడమ ముందు నేలను తాకుతుంది. వెనకాల పిక్క కండ నేలను వెనక్కి నెట్టి మనల్ని ముందుకు పంపుతుంది. ఒకటి పనిచేసేటప్పుడు రెండోది వదులవ్వాలి. పార్కిన్సన్స్‌లో ఈ వంతులు చెదిరిపోతాయి. పిక్క నెట్టే ఊపు తగ్గుతుంది, ముందు కండ పాదాన్ని చాలినంత ఎత్తదు, ఒక్కోసారి రెండూ కలిసి బిగుసుకుంటాయి. పాదం ఈడ్చుకుంటూ పోతుంది, అడుగు చిన్నదవుతుంది, తర్వాతిది ఇంకా చిన్నదవుతుంది. 1817లో ఈ జబ్బును మొదటిసారి వివరంగా రాసిన జేమ్స్ పార్కిన్సన్ కూడా, రోగి ముందుకు వంగి, నడక కాస్తా పరుగైపోవడం గమనించారు.

కాళ్లు అతుక్కుపోయిన క్షణంలో మీ అత్తగారి మోకాళ్లు సన్నగా వణుకుతాయేమో చూడండి. చాలామందిలో సెకనుకు 3 నుంచి 8 సార్లు అలా అదురుతాయి. కండరాలకు ఆజ్ఞలు వస్తూనే ఉన్నాయి, కానీ సమయం తప్పి, పొట్టిగా వస్తున్నాయి. అలాంటప్పుడు మర్దన వల్ల బిగువు కాస్త సడలి హాయిగా ఉంటుందేమో గానీ ఆగిపోవడం ఆగదు. టానిక్కు మీద డబ్బు పెట్టొద్దు.

గడప, ఇరుకు సందు, మలుపు, మంచం దగ్గర కూర్చోబోయే చోటు, ఎక్కువగా ఈ నాలుగు చోట్లే ఆగిపోతారు. చూసేవాళ్లకు నమ్మబుద్ధి కాని విషయం ఏమిటంటే, చదును నేలమీద ఆగిపోయే మనిషే మెట్లు చకచకా ఎక్కేస్తాడు. నెదర్లాండ్స్‌లో సరిగా నడవలేని ఒక పార్కిన్సన్స్ రోగి సైకిలు మాత్రం హాయిగా తొక్కడాన్ని అక్కడి డాక్టర్లు 2010లో ప్రచురించారు. (మీరు సైకిలు ఎక్కించమని కాదు!) మెట్టు అంచు కంటికి కనిపిస్తుంది, పెడలు తిరుగుడు కాలికి లయ ఇస్తుంది. బయటినుంచి అలాంటి గుర్తు ఏదైనా దొరికితే, దెబ్బతిన్న దారిని వదిలి మెదడు వేరే దారిలో అడుగు వేయిస్తుంది. మా ఇంట్లో మేం చేసినవన్నీ దీని మీద ఆధారపడినవే.

మా ఇంట్లో పరిచినవి కడప నల్లబండలు. హాలు నుంచి బాత్రూం దాకా, గడపకు ఇటూ అటూ, నాయన మామూలుగా వేసే అడుగంత ఎడంలో తెల్ల టేపు అడ్డంగా అంటించాం. నల్లబండ మీద తెల్లగీత బాగా కనిపిస్తుంది. "గడప దాటు" అనడం మానేసి "గీత దాటు" అంటాం. మీ ఇంట్లో తెల్ల టైల్స్ అయితే ముదురురంగు టేపు వాడండి. అంచులు లేవకుండా చూసుకోండి, లేచిన టేపు కాలికి తగిలితే అసలుకే మోసం.

రెండోది తాళం. నాయన వయసులో ఉండగా రాములగుడి ముందు చెక్కభజన ఆడేవారు. ఫిజియోథెరపిస్టు మెట్రోనోమ్ యాప్ పెట్టమన్నారు. ఆ టక్ టక్ నాయనకు నచ్చలేదు. అటక మీది చెక్కలు దించి మా తమ్ముడు వాయించాడు. మొదటి దెబ్బలకే ఆయన భుజాలు కదిలాయి, తర్వాత పాదం లేచింది, మడమ ముందు తాకేలా పడింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వేగం మాత్రం ఆయన నడకంతే ఉండాలి, ఇంకాస్త నిదానమైనా పర్వాలేదు. తొందరపెట్టే తాళం అడుగుల్ని ఇంకా పొట్టి చేస్తుంది. మీ అత్తగారికి భజన పాటో, కోలాటమో, దంచేటప్పుడు పాడుకున్న పాటో, ఏది ఒంటికి పట్టి ఉందో అడగండి.

కాళ్లు అతుక్కున్నప్పుడు లాగొద్దు. లాగితే ఒళ్లు ముందుకొస్తుంది, పాదాలు అక్కడే ఉంటాయి, పడిపోతారు. పక్కన నిలబడి, "ఆగు అత్తమ్మా, ఊపిరి తీసుకో, బరువు ఎడమకు, కుడికి, ఇప్పుడు పెద్ద అడుగు" అనండి. ఒళ్లు అటూ ఇటూ ఊగితే ఒక కాలి మీద బరువు తగ్గి అది లేస్తుంది. మీ పాదం ఆమె పాదం ముందు అడ్డంగా పెట్టి దాటమన్నా సరే. నిలుచున్న చోటే గిర్రున తిరగనివ్వకండి, వెడల్పుగా చుట్టి తిరగాలి. నడిచేటప్పుడు చేతిలో చెంబు, ఫోను, కబుర్లు వద్దు.

మాత్రల విషయంలో మా ప్రాంతపు తిండి గురించి చెప్పాలి. లెవోడోపా పేగుల్లోంచి లోపలికి వెళ్లేటప్పుడు మాంసకృత్తులు దానికి పోటీ పడతాయి. సంగటిలోకి ఊరుబిండి, పప్పు, మాంసం పెట్టుకుని తిని వెంటనే మాత్ర వేసుకుంటే నాయనకు కాళ్లు వదిలేవి కావు. డాక్టరు చెప్పినట్టు తిండికి అరగంట ముందు వేయడం మొదలుపెట్టాక తేడా తెలిసింది. అలాగని పప్పు మానిపించకండి, మనిషి చిక్కిపోతారు. దూలగొండి గింజల్లో లెవోడోపా ఉన్న మాట నిజమే, అందుకే మాత్రలతోపాటు ఆ పొడి కూడా కలిపితే మోతాదు దారి తప్పుతుంది. వాంతులకు మెటోక్లోప్రమైడ్, కళ్లు తిరగడానికి సిన్నరిజిన్ రాస్తే, పార్కిన్సన్స్ ఉందని అక్కడే చెప్పండి, అవి నడకను ఇంకా పాడుచేస్తాయి. మెదడులో ఎలక్ట్రోడ్లు (కరెంటు పంపే సన్నటి తీగలు) పెట్టే ఆపరేషన్ గురించి కూడా ఎవరో చెప్పే ఉంటారు. మాత్ర బాగా పనిచేసే సమయంలో కూడా కాళ్లు అతుక్కుంటుంటే, ఆ ఒక్క ఇబ్బందికి దాని మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దని మాకు చెప్పారు.

ఇంకొకటి. డాక్టరు గదిలో మీ అత్తగారు చక్కగా నడిచేయొచ్చు. అక్కడ శ్రద్ధంతా అడుగు మీదే ఉంటుంది కాబట్టి జబ్బు దాక్కుంటుంది. ఇంట్లో ఆగిపోయేటప్పుడు, పాదాలు కనిపించేలా ఫోన్లో వీడియో తీయండి, మాత్ర వేసుకుని ఎంతసేపైందో వీడియోలోనే పైకి చెప్పండి. మాత్ర ప్రభావం తగ్గిపోయాక ఆగిపోతున్నారా, ఉన్నప్పుడే ఆగిపోతున్నారా అన్నది దాన్నిబట్టే తేలుతుంది, మందు మార్చాలా వద్దా అని చూసేది కూడా దాన్నే.