టెక్ సందేహాలు: కోడ్ రాని క్లెయిమ్‌ల మేడమ్, పట్టికలో రూల్

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరులో ఆరోగ్య బీమా క్లెయిమ్‌లు చూస్తాను. రూల్ మారినప్పుడల్లా ఎక్సెల్‌లో రాసి డెవలపర్లకు పంపితే, లైవ్‌లోకి రావడానికి మూడు వారాలు. ఇప్పుడు మేమే పట్టిక నింపితే చాలనే టూల్ తెస్తున్నారు. నాకు కోడ్ ముక్క రాదు. పొరపాటు చేస్తే?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: చేస్తారండీ. డెవలపర్లూ చేస్తారు. కాకపోతే వాళ్ల తప్పు లైవ్‌కి వెళ్లకముందే దొరికే ఏర్పాటు ఉంటుంది. అది మీకూ పెడుతున్నారా అని అడగండి.

మీరు చెప్పేది డీఎంఎన్ (డెసిషన్ మోడల్ అండ్ నొటేషన్, అంటే నిర్ణయాలను పట్టికగా రాసే పద్ధతి) పట్టికలా ఉంది. 2015లో ఓఎంజీ అనే సాఫ్ట్‌వేర్ ప్రమాణాల సంస్థ వెలువరించిన ప్రమాణం. ఎడమవైపు షరతులు, కుడివైపు నిర్ణయం. గది అద్దె సంగతే చూడండి. 5 లక్షల పాలసీలో రోజుకు 1 శాతం పరిమితి అంటే 5,000. పేషెంటు 8,000 గదిలో చేరితే డాక్టరు ఫీజు లాంటివాటిలో 5/8 వంతే వస్తుంది. మందులకు, ఇంప్లాంట్లకు, టెస్టులకు మాత్రం ఈ కోత లేదు. నిద్రలో లేపి అడిగినా మీరు చెప్పే ఈ చివరి ముక్క, ఎవరో చెబితే తప్ప డెవలపరుకు తెలీదు. పట్టిక మీ చేతికి రావడం అందుకే మంచిది.

తంటా ఇక్కడ: ఒక వరుసలో ‘5,000 కంటే తక్కువ’, ఇంకో వరుసలో ‘5,000 కంటే ఎక్కువ’ అని రాస్తే, సరిగ్గా 5,000 గది ఎందులోనూ పడదు. పట్టిక మూలన ‘యూ’ (యునీక్) ఉంటే కేసుకు ఒకే వరుస వర్తించాలి. ‘ఎఫ్’ (ఫస్ట్) ఉంటే పైనుంచి మొదట కుదిరిన వరుసే వర్తిస్తుంది. ‘ఎఫ్’లో వరుస పైకీ కిందికీ జరిపినా ఫలితం మారిపోవచ్చు, ముందు ‘యూ’తోనే ఉండండి.

అసలు పని వేరే ఉంది. పేర్లు తీసేసిన పాత క్లెయిమ్‌లు ఓ ముప్పై తీసి, ఒక్కోదానికి రావాల్సిన మొత్తం రాసిపెట్టండి. సరిగ్గా 5,000 గదిది ఒకటి, ఐసీయూది ఒకటి తప్పకుండా. పట్టిక ముట్టుకున్న ప్రతిసారీ అవన్నీ వాటంతటవే నడవాలి, ఒక్కటి తప్పినా మార్పు అక్కడే ఆగాలి. పట్టిక లోపల ఎక్స్‌ఎంఎల్ అనే టెక్స్ట్ ఫైలే కాబట్టి కోడ్ పక్కనే గిట్‌లో (ప్రతి మార్పునూ దాచే చోటు) పెట్టొచ్చు, పరీక్షలు నడిపి లైవ్‌కి పంపే డెవలపర్ల జెంకిన్స్ మీదుగానే పంపొచ్చు.

డెమోలో ‘పబ్లిష్’ నొక్కి నేరుగా లైవ్‌కి పంపితే మురిసిపోకండి. నిన్నటి పట్టికకూ ఇవాళ్టిదానికీ తేడా చూపించి, మళ్లీ నిన్నటిదానికి తెమ్మనండి.

ప్రశ్న: ఇలాంటి టూల్ మేమే తయారు చేసుకోవచ్చా?
– ఒక డెవలపర్, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: సొంత రూల్ భాషలు తయారు చేసుకునే టూల్ జెట్‌బ్రెయిన్స్ ఎంపీఎస్ ఉంది; ఉచితం, ఓపెన్ సోర్స్. నెదర్లాండ్స్ పన్నుల శాఖ పన్ను నిబంధనలు రాసే భాషను దానిమీదే కట్టుకుంది. నేర్చుకోవడం మాత్రం కష్టం. రూల్స్ పట్టికలో ఇమిడితే ఆ జోలికి పోకండి.