పొగమంచు బూడిదరంగులో పడుతోందన్న ప్రశ్నకు సమాధానం

డిసెంబరులో తెల్లవారుజామున గండికోటలో తీసిన ఫొటోల్లో పొగమంచు తెల్లగా కాక మురికి బూడిదరంగులో వస్తోందనీ, కెమెరా పాడైందేమోననీ మీరు అడిగారు. కెమెరాలో లోపమేమీ లేదండీ. ఎదుటి దృశ్యం సగటున మధ్యస్థపు బూడిదరంగులో ఉంటుందన్న లెక్కతోనే కెమెరాలోని మీటరు వెలుగును కొలుస్తుంది కాబట్టి, ఫ్రేము నిండా తెల్లని మంచు ఉన్నప్పుడు వెలుగు ఎక్కువైందని పొరబడి ఫొటో వెలుగును తగ్గించేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (ఫొటో వెలుగును పెంచే, తగ్గించే అమరికను) ప్లస్ 1 దగ్గర పెట్టి, హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) కుడి అంచుకు గుద్దుకోకుండా చూసుకుంటూ, అవసరమైతే ఇంకో మూడో వంతు స్టాప్ (ఒక స్టాప్ పెంచితే వెలుగు రెట్టింపవుతుంది) పెంచండి.

ఆటోఫోకస్ నిలవడం లేదని కూడా రాశారు. మంచులో దానికి పట్టు దొరకదు. పెన్నా లోయకు అవతలి ఒడ్డున, మంచు పైకి తేలి నల్లగా కనిపించే బండ అంచు మీద ఫోకస్ చేసి, వెంటనే మాన్యువల్‌కు మార్చుకుంటే ఆ దూరం అలాగే నిలిచి ఉంటుంది. ఎండ ముదిరాక మాత్రం, నా మటుకు నేను, ఆ లోయ వైపు కెమెరా ఎత్తను.

చలిలోంచి వెచ్చని గదిలోకి వచ్చాక లెన్సుకు చెమ్మ పట్టకుండా, కెమెరాను జిప్పు వేసిన సంచిలోనే అరగంట ఉంచండి. తొందరపడి తువ్వాలుతో తుడిచి, నేనొక లెన్సుకు గీత పెట్టుకున్నాను.